పెట్టెలోని గాలి, మన ఎండలు
(గుడియాత్తమున జరిగిన సంఘ మాససమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



వ్యాపారస్థులకు ఉపకరించు విషయమేదైన నొకటి ముచ్చటింపవలెనని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తండ్రిగారి వెంట లుంగీల కొట్టులో కూర్చున్నవారము. కంప్యూటరును గూర్చి మాట్లాడుటకు మీకేమి అర్హతయని ఎవరైన నడిగినచో, దానివలన నష్టపడితిమనుటకంటె వేరు ఉత్తరము మాకడ లేదు. ఆ నష్టము మా సొంతమే ఐనచో ఈ సభలో ఎత్తియుండము. అది మీ అందరిది గూడ. కావున మొదట ఆ సంగతి చెప్పి, పిదప దాని కారణమును, ఇప్పుడు మేము చేసికొన్న ఏర్పాటును విన్నవించెదము.

మన కుటుంబములలోని పాత కాగితములను కంప్యూటరులో భద్రపరుపవలెనని సంఘమువారు తీర్మానించినది మీరెఱుగుదురు. తాతల నాటి చిట్టాలు, ఆవర్జాలు, భాగపత్రములు, పెండ్లి లగ్నపత్రికలు, అన్నియు గొలుసుకట్టు తెలుగు వ్రాతలో నున్నవి. వానిని చదువగలవారు మనలో నేడు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది మాత్రమే. స్కానరు మా కొట్టులోనే యుండుటచేత ఆ పని మేము తలకెత్తుకొంటిమి. 2024 వేసవిలో పగలు కొట్టు బిల్లులు, రాత్రి స్కానింగు, ఆ పిమ్మట తెల్లవారువరకు ఒక డిస్కునుండి వేఱొక డిస్కునకు నకలు, ఇట్లు ఆ యంత్రము విశ్రాంతి లేక పనిచేసెను. గంగమ్మ సిరసు ఉత్సవమునకు నాలుగు దినములు ముందుగ డిస్కు టక్కుటక్కున కొట్టుకొని నిలిచిపోయెను. దానిలోని కాగితములు మరల రాలేదు. పెక్కుమంది తమ మూలపత్రములను మరల ఇచ్చి మరల స్కాను చేయించుకొనిరి. ఒక కుటుంబమువారి కాగితములు మాత్రము పోయినవి. ఈలోపల వారు ఇల్లు మాఱిరి, ఆ సామానులో ఆ మూట కానరాలేదు. ఆ యింటి పెద్దలు ఇప్పుడీ సభలోనే ఉన్నారు. వారు మమ్మొక్క మాటయు అనలేదు. అందువలన మాకు మరింత సిగ్గు.

ఈ కంప్యూటరును మరమ్మతునకు గొనిపోగా, పెట్టె పాతబడినది, కొత్తది కొనుడని చెప్పిరి. మా చెల్లెలి కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. వాడు పెట్టె తెఱచి చూచి, "మామా, ముందరి ఫ్యాను ఎందుకు తిరుగుటలేదు?" అని అడిగెను. తిరుగకుండ చేసినది మేమేయని అప్పుడు చెప్పవలసివచ్చెను.

ఆ గదిలోనే ఆదివారములందు పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పు తరగతి జరుగును. ఫ్యానుల హోరులో పంతులమ్మగారి మాట వెనుక వరుసకు వినబడుటలేదని పిల్లలు చెప్పగా, మేము బయాసులోనికి పోయి "సైలెంట్" అను దానిని ఎంచి, ప్రాసెసరు 60 డిగ్రీలు చేరువరకు ముందరి ఫ్యాను నిలిచియుండునట్లు పెట్టితిమి. గది ప్రశాంతమాయెను. పంతులమ్మగారు సంతోషించిరి. మేమును గొప్ప పని చేసితిమనుకొంటిమి.

ఇంతకు ఈ ఫ్యానుల సంగతి ఏమి? మన వీథులలో పెట్టెనంతయు సీపీయూ అనుట వాడుకగాని, సీపీయూ అనగా లోపలి ప్రాసెసరు మాత్రమే. దానికి దానిమీదనే ఒక ఫ్యాను గలదు. దానినిగాక, పెట్టెకు ముందు ఒకటో రెండో, వెనుక ఒకటి ఫ్యానులుండును. ముందరివి బయటి గాలిని లోనికి తీసికొనును, వెనుకది వేడిగాలిని బయటికి నెట్టును. నేను ఇప్పుడు చెప్పునది ఈ పెట్టె ఫ్యానులను గూర్చియే. ఇవి మదర్‌బోర్డుమీది చిన్న పిన్నులకు తగిలింపబడియుండును. ఆ పిన్నులప్రక్క సిస్ ఫ్యాన్ అనియో, ఛా ఫ్యాన్ అనియో సన్నని అక్షరములు ముద్రించియుందురు.

పిన్నులు మూడుగనో నాలుగుగనో యుండును. మూడింటిలో ఒకటి భూమికి, ఒకటి 12 వోల్టులకు, మూడవది ఫ్యాను తన వేగమును బోర్డునకు తెలియజేయుటకు. ఫ్యాను ఒక చుట్టు తిరిగినప్పుడెల్ల ఆ మూడవ తీగమీద రెండు స్పందనలు వచ్చును. వానిని లెక్కించియే నిమిషమునకు ఇన్ని చుట్లని తెరమీద చూపుచున్నారు. మూడు పిన్నుల ఫ్యాను వేగము తగ్గింపవలెనన్నచో వోల్టులు తగ్గింపవలసినదే. 2004లో ఇంటెల్ సంస్థ ఎల్‌జీఏ 775 సాకెట్టును వెలువరించిన నాటినుండి నాలుగు పిన్నులది వ్యాప్తికి వచ్చెను. అందు 12 వోల్టులు తగ్గవు. నాలుగవ తీగమీద సెకనునకు సుమారు 25 వేలసార్లు "తిరుగుము, ఆగుము" అను సంకేతము పోవును. ఆ రెంటిలో తిరుగుము అను భాగము ఎంత పాలో, వేగము దాదాపు అంత పాలు. చెరువు తూమును సగము తెఱచుట మొదటి పద్ధతి. తూమును పూర్తిగ తెఱచుచు మూయుచు సగము నీరు వదలుట రెండవది. రెండవదానికి పీడబ్ల్యూఎం అని పేరు. దీనిలో ఒక మంచి గుణము గలదు. నాలుగవ తీగ తెగినను, బోర్డు పలుకకపోయినను, ఫ్యాను పూర్తి వేగమున తిరుగును గాని ఆగదు.

ఇక్కడనే చాలమంది తికమకపడుదురు. మూడు పిన్నుల ఫ్యానును తగిలించి, బయాసులో పీడబ్ల్యూఎం అని యుంచినచో, ఎంత తగ్గించినను అది పూర్తి వేగముననే తిరుగును. అక్కడ డీసీ అని మార్చవలెను. వేలూరు కొట్టులో మాకిట్లే జరిగి, ఫ్యాను చెడినదని తలంచి కొత్తది కొంటిమి. కొత్తదియు మూడు పిన్నులదే. అదియు అట్లే హోరెత్తెను. ఆ పాత ఫ్యాను నేటికిని మా అటకమీద నిక్షేపముగ నున్నది.

వేగము తగ్గించినచో ఏమగునో లెక్క గలదు. వేగము సగమైనచో వచ్చు గాలియు సగమే. కరెంటు ఖర్చు మాత్రము ఎనిమిదవ వంతునకు దిగును. ధ్వని సుమారు 15 డెసిబెళ్ళు తగ్గును. మూడువంతులకు, అనగా 75 శాతమునకు, తగ్గించినచో ధ్వని ఆరు డెసిబెళ్ళు తగ్గి, గాలి మాత్రము మూడువంతులు మిగులును. కావున కొంత తగ్గించుట లాభసాటి బేరమే. పూర్తిగ ఆపుట మాత్రము బేరము గాదు, దివాలా.

ఆ డిస్కు ఏల చెడినదో ఇప్పుడు చెప్పవచ్చును. బోర్డు ఫ్యానును తిప్పునది ఏదియో యొక వేడిని చూచి. ఏ వేడిని చూడవలెనో మనము చెప్పవలెను. చెప్పకున్నచో అనేక బోర్డులు ప్రాసెసరు వేడినే చూచును. రాత్రి కాగితముల నకలు తీయునప్పుడు ప్రాసెసరునకు పని స్వల్పము. అది 50 డిగ్రీలయొద్ద నిద్రించుచుండెను. దానిని చూచి బోర్డు, అంతయు చల్లగనే యున్నదని ముందరి ఫ్యానును ఆపియుంచెను. కష్టపడుచున్నది డిస్కు. అది ముందరి ఫ్యానునకు ఎదురుగనే యున్నది, దానికి రావలసిన గాలి లేదు. దాని వేడిని బోర్డు ఎఱుగనే ఎఱుగదు.

కొత్త డిస్కు వేసిన పిదప, మేనల్లుడు అదే సైలెంట్ అమరికతో ఒక రాత్రి నకలు నడిపించి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అను ఉచిత ప్రోగ్రాముతో చూచెను. గది 38 డిగ్రీలు, డిస్కు 57 డిగ్రీలు. సాధారణముగ ఇట్టి డిస్కులకు తయారుచేయువారు విధించు పరిమితి 60 డిగ్రీలు. ముందరి ఫ్యానును 50 శాతమున తిప్పగానే, అదే గదిలో, అదే పనిలో, 46 డిగ్రీలకు దిగెను. చెడిన డిస్కు ఆరేండ్ల వయస్సుది. వేడియొక్కటే దానిని చంపినదని ప్రమాణము చేయలేము. అది చావదగిన వయస్సే. కాని ఆ వేసవిలో దానికి మేము చేసిన సేవ అట్టిది.

ఈ అమరికలను సిద్ధపరచి పంపువారు తమ యూరి గదులను తలంచి చేసినట్లున్నది. ఏ ఫ్యానైనను పెట్టెలోని వేడిని గది వేడికంటె క్రిందికి దింపలేదు. గదికంటె ఎన్ని డిగ్రీలు ఎక్కువగ నుండునో, ఆ తేడాను మాత్రమే తగ్గింపగలదు. డిస్కు గదికంటె 19 డిగ్రీలు ఎక్కువగ నున్నదనుకొందము. గది 25 ఐనచో 44, అది క్షేమము. మనయెడ గది 38 ఐనచో 57. రాయవేలూరు చుట్టును రాతికొండలు, సముద్రపు గాలి ప్రొద్దుపోయి గాని చేరదు, మే నెలలో 40 డిగ్రీలు దాటుట యేటేటి మాట. రోహిణికార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పినది, రోళ్ళకంటె మెత్తనివైన ఈ యంత్రములకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కత్తిరి ఎండల నాడు సైలెంట్ అను మాటను నమ్మరాదు. అట్లని స్టాండర్డ్ అను దానిని ఎంచిన, ప్రాసెసరు మన గదులలో ఊరక కూర్చున్నను 50 డిగ్రీలుండుటచేత ఫ్యానులు పగలంతయు అఱచును. అందుచేతనే మన గీతను మనమే గీచికొనవలెను.

గీత యనగా ఏమనిన, కంప్యూటరు ఆన్ చేయగానే డెలిట్ మీటనో ఎఫ్2 మీటనో నొక్కినచో బయాసు తెఱచుకొనును. ఆసుస్ బోర్డులలో క్యూ-ఫ్యాన్ అనియు, గిగాబైట్ వారివానిలో స్మార్ట్ ఫ్యాన్ అనియు, ఆస్‌రాక్ వారివానిలో ఫ్యాన్-టాస్టిక్ ట్యూనింగ్ అనియు, ఎమ్మెస్సై వారివానిలో హార్డ్‌వేర్ మానిటర్ అనియు పేర్లు. పేర్లు వేఱైనను లోపల నున్నది ఒకటే. అడ్డముగ డిగ్రీలు, నిలువుగ వేగపు శాతము, నడుమ నాలుగైదు చుక్కలు. చుక్కలను జరుపుట మన పని. మా కొట్టులో ముందరి ఫ్యానునకు ప్రాసెసరు వేడిని తొలగించి, మదర్‌బోర్డు వేడిని ఆధారము చేసితిమి. అది నెమ్మదిగ మాఱును, పెట్టెలోని గాలి సంగతి అది బాగుగ చెప్పును. 40 డిగ్రీలవరకు 50 శాతము, 50 డిగ్రీలకు 70, 60 డిగ్రీలకు పూర్తి వేగము. 50 శాతమునకు దిగువ ఎన్నడును పోదు. నిలుచుట అను మాటయే లేదు. వెనుక ఫ్యానునకు దీనికంటె కొంచెము తక్కువ పెట్టితిమి. కారణము మన యూరి మగ్గములు. గుడియాత్తములో నూలుపీచు ఎగురని వీథి యేది? లోనికి వచ్చు గాలి బయటికి పోవు గాలికంటె ఎక్కువైనచో, పెట్టె సందులనుండి దుమ్ము లోనికి దూఱదు, జల్లెడ గల ముందరి వైపుననే వచ్చును. ఆ జల్లెడను మేము పదునైదు దినములకొకసారి దులుపుచున్నాము. బ్లోయరు పట్టునప్పుడు ఱెక్కలను వ్రేలితో పట్టియుంచవలెను. లేనిచో గాలికి అవి విపరీత వేగమున తిరిగి బేరింగు చెడును.

కనీస వేగమును గూర్చి మఱియొక మాట. ఆగియున్న ఫ్యాను కదలుటకు కావలసిన బలము, తిరుగుచున్నది తిరుగుటకు కావలసినదానికంటె ఎక్కువ. పాత మూడు పిన్నుల ఫ్యానునకు మఱీ తక్కువ వోల్టులు పెట్టినచో, ఉదయమున అది కదలక ములుగుచు కూర్చుండును. 50 శాతమనుటకు అదియు నొక కారణము. ఒకే పిన్నుల చోట చీలికతీగలు వేసి మూడు నాలుగు ఫ్యానులు వ్రేలాడదీయుటయు కూడదు. సాధారణముగ ఒక చోటు ఓర్చుకొనునది ఒక ఆంపియరు మాత్రమే. ఫ్యానుమీది చీటీలో ఆంపియర్లు వ్రాసియుందురు, కూడి చూచుకొనవలెను.

ఫ్యాను నిమిషమునకొకసారి పైకి క్రిందికి ఊగుచు చప్పుడు చేసినచో, స్టెప్ అప్, స్టెప్ డౌన్ అను సమయములను కొన్ని సెకనులు పెంచవలెను. చెవికి విసుగు కలిగించునది చప్పుడుకంటె చప్పుడులోని మార్పు. ఒకే తీరున నున్న 50 శాతపు ధ్వనిలో ఇప్పుడు పిల్లలకు పాఠము చక్కగ వినబడుచున్నది. మేము ముందే ఇట్లు చేసియుండవచ్చును.

బయాసులోనికి పోవుట భయమనువారు విండోసులోనే పనిచేయు ప్రోగ్రాములను అడుగుచున్నారు. బోర్డు తయారుచేయువారే ఆర్మరీ క్రేట్, గిగాబైట్ కంట్రోల్ సెంటర్, ఎమ్మెస్సై సెంటర్ మొదలగునవి ఉచితముగ ఇచ్చుచున్నారు. అవి ఫ్యానులతోపాటు దీపములు, ప్రకటనలు, ఇంకను ఏమేమో తెచ్చిపెట్టునని మా అభిప్రాయము. పూర్వము స్పీడ్‌ఫ్యాన్ అనునది ప్రసిద్ధము. అది చిరకాలముగ కొత్త బోర్డులకు తగినట్లు దిద్దబడలేదు. ఇప్పుడు ఫ్యాన్‌కంట్రోల్ అను ఉచిత ప్రోగ్రాము బాగున్నది. బయాసు చూడలేని డిస్కు వేడిని అది చూడగలదు. బోర్డు వేడి, డిస్కు వేడి, ఈ రెంటిలో ఏది ఎక్కువ కోరునో ఆ వేగమున తిప్పుమని దానికి చెప్పవచ్చును. లినక్స్ వాడువారికి ఎల్ఎమ్-సెన్సార్స్, ఫ్యాన్‌కంట్రోల్ అనునవి కలవు. పేరు ఒకటే ఐనను ఈ రెండవ ఫ్యాన్‌కంట్రోల్ వేఱు. ఐతే ప్రోగ్రాము విండోసు తెఱచుకొన్న పిదపనే మేల్కొనును. అది ఆగినచో అమరికయు ఆగును. రెండు ప్రోగ్రాములు ఒకేసారి నడపినచో, ఇద్దఱు యజమానుల నడుమ గుమాస్తావలె ఫ్యాను ఎవరి మాటయు వినదు. మేము బయాసులో గట్టి కనీస వేగమును పెట్టి, దానిపైన మాత్రమే ప్రోగ్రామును వాడుచున్నాము. ప్రోగ్రాము చచ్చినను 50 శాతము మిగులును.

ల్యాప్‌టాపులకు ఈ మాటలు పెక్కు వర్తింపవు. పెద్ద కంపెనీల ఆఫీసు కంప్యూటర్లలో గూడ ఫ్యాను అమరికను మూసియుంచుట కలదు. వానికి దుమ్ము దులుపుటయు, గోడకు జానెడు దూరముగ జరుపుటయు మందు.

ముఖ్యమైనది ఒకటి మిగిలినది. అగ్గిపెట్టెల కార్ఖానాలు గల యూరు గనుక, నిప్పు భయముచేత మనవారు రాత్రి కొట్టు మూయునప్పుడు మెయిన్ స్విచ్చినే ఆపుట అలవాటు. అది మంచి అలవాటే, మానుడని మేము చెప్పము. కాని కరెంటు లేని వేళలందు బోర్డులోని గడియారము నాణెమంత బ్యాటరీతో నడచును. దాని పేరు సీఆర్ 2032. మెయిను ఆపువారి కొట్లలో అది త్వరగ అరుగును. అది చచ్చిన నాడు తేదీ తప్పును, బిల్లులపై పాత సంవత్సరము వచ్చును. ఇది అందఱు చూచియుందురు. అనేక బోర్డులలో ఆ బ్యాటరీతో పాటు బయాసులో మనము చేసిన అమరికలును పోయి, ఫ్యాను తిరిగి మొదటి స్థితికి వచ్చును. ఇది మాత్రము ఎవరికిని కనబడదు. బయాసును కొత్త వెర్షనునకు మార్చినప్పుడును ఇదియే గతి. కావున తేదీ తప్పిన నాడు బ్యాటరీ మార్చి ఊరకుండక, ఫ్యాను గీతను గూడ ఒకసారి చూడవలెను. మా గీతలోని అంకెలను మేము కాగితముమీద వ్రాసి పెట్టె ప్రక్కన అంటించితిమి.

కాగితముల సంగతి. ఇప్పుడు స్కాను చేసిన ప్రతి పుటయు రెండు డిస్కులలో నున్నది. ఒకటి గుడియాత్తములో మా కొట్టులో, రెండవది వేలూరులో సంఘ కోశాధికారిగారి యింట. నెలకొకసారి రెంటిని సరిచూచుచున్నాము. ఇంకను ముప్పది కట్టలు మిగిలియున్నవి. వానిలో పదునొకండు మగ్గములవారి ఇండ్లనుండి రావలెను.

వచ్చు రెండు ఆదివారములు మధ్యాహ్నము మూడు గంటలనుండి మేమును, మా మేనల్లుడును, అడిగినవారి కొట్లకు వచ్చి పెట్టె తెఱచి చూచెదము. డబ్బు ఏమియు అక్కఱలేదు. మొదట పోవలసినది, ఆ మూట పోగొట్టుకొన్న పెద్దలవారి యింటికని మేము నిశ్చయించుకొంటిమి, వారి కుమారుల కొట్టులో రెండు కంప్యూటర్లు ఉన్నవి. తక్కినవారు పేరు, వీథి వ్రాసి కార్యదర్శిగారికి ఇయ్యగలరు. మీ బయాసునకు పాస్‌వర్డు పెట్టియున్నచో ముందుగ వెదకి ఉంచుడు. పోయిన మారు ఒక కొట్టులో దానికొఱకే గంటన్నర పట్టెను.